గాలిలో తేలిన రాకుమారి... కంటికి కనిపించని తీగలు
ప్రఖ్యాత ఐంద్రజాలికుడు హ్యారీ కెల్లర్ జీవిత విశేషాలు

రంగస్థలం మధ్యలో పడుకుని ఉన్న యువతి నిద్రలోకి జారుకుంటుంది. ఐంద్రజాలికుడు చేతులు ఆడిస్తుండగా ఆమె దేహం మెల్లమెల్లగా పైకి లేస్తుంది. కింద ఆధారం లేదు, పైన వేలాడదీసిన తాడూ లేదు. సందేహం తీర్చడానికన్నట్లు ఆయన గట్టి లోహపు వలయాన్ని ఆమె తల వైపు నుంచి పాదాల వరకు దాటిస్తారు. వలయం దేనికీ తగలదు. ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూస్తుండిపోతారు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికా నాటకశాలలను ఉర్రూతలూగించిన ఈ అంశం పేరు 'కర్నాక్ రాకుమారి'. దానిని ప్రదర్శించినవారు హ్యారీ కెల్లర్. అమెరికా ఇంద్రజాల రంగానికి పెద్దదిక్కుగా గుర్తింపు పొందిన ఆయన, ఆ ఒక్క దృశ్యాన్ని సాధించేందుకు పడిన తపన ఒక కథ. అందుకోసం తొక్కిన దారులు మరో కథ.

మందుల దుకాణం నుంచి రైలుబండికి

కెల్లర్ 1849 జులై 11న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీ పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. బాల్యంలో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరారు. అక్కడి రసాయనాలను ఒకదానితో ఒకటి కలిపి చూడటం ఆయనకు సరదా. ఒకనాడు ఆ సరదా పేలుడుకు దారితీసి దుకాణం నేలకు కన్నం పడిందని చెబుతారు. ఇంటికి వెళ్లే ధైర్యం లేక ఆ బాలుడు రైలెక్కి పారిపోయాడు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఒక క్రైస్తవ మతాచార్యుడు అతడిని చేరదీశారు. మతబోధకుడిగా తీర్చిదిద్దేందుకు చదువు చెప్పిస్తానన్నారు. అంతలో ఆ ప్రాంతానికి 'ఫకీర్ ఆఫ్ ఆవా' ప్రదర్శన వచ్చింది. బర్మా పూర్వ రాజధాని ఆవా పేరు పెట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని, తూర్పుదేశపు వేషం కట్టిన ఆ ఫకీరు నిజానికి ఇసాయా హ్యారిస్ హ్యూస్ అనే ఆంగ్లేయుడు. ఆ ప్రదర్శన చూసిన బాలుడికి మతబోధ మీద మనసు నిలవలేదు. వెళ్లి హ్యూస్ వద్ద సహాయకుడిగా చేరాడు. తొలి గురువే లేని తూర్పుదనాన్ని వేషంగా ధరించినవారు కావడం గమనార్హం. ఆ వేషం కెల్లర్ వృత్తిని చివరివరకు వెన్నంటింది.

పదహారేళ్ల ప్రాయంలో సొంతంగా ఇచ్చిన తొలి ప్రదర్శన విఫలమైంది. 1869లో డావెన్‌పోర్ట్ సోదరుల బృందంలో చేరారు. తాళ్లతో కట్టేసిన ఆ సోదరులను ఒక బీరువాలో కూర్చోబెట్టి తలుపులు మూస్తే, లోపలి నుంచి వాద్యాలు మోగేవి. అది ఆత్మల పనేనని జనంలో అనేకులు నమ్మేవారు. తెర వెనుక నిలిచిన కెల్లర్‌కు మాత్రం ఆత్మలు కనిపించలేదు. ముడులు విప్పుకునే నేర్పు కనిపించింది. ఆ నేర్పును తానూ అలవరచుకున్నారు.

సముద్రం పాలైన సంపద

1873లో ఆ బృందంలోని విలియం ఫే అనే సహచరుడితో కలిసి కెల్లర్ విడిగా బయలుదేరారు. మధ్య, దక్షిణ అమెరికా దేశాల్లో వారి ప్రదర్శనలకు ఆదరణ లభించింది. బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రో ఎదుట కూడా ప్రదర్శన ఇచ్చారు. 1875లో ఐరోపాకు వెళుతుండగా వారెక్కిన నౌక బిస్కే అఖాతంలో ప్రమాదానికి గురైంది. పరికరాలు, దుస్తులు, కూడబెట్టిన బంగారం, వజ్రాలు అన్నీ సముద్రం పాలయ్యాయి. అదే సమయంలో ఆయన సొమ్ము దాచుకున్న న్యూయార్క్ బ్యాంకు సైతం దివాలా తీసింది.

కట్టుబట్టలతో లండన్ చేరిన కెల్లర్‌ను ఒక భవనం ఆకర్షించింది. అది జాన్ నెవిల్ మాస్కెలిన్ నిర్వహిస్తున్న ఈజిప్షియన్ హాలు. ఇంద్రజాలికుడు ఊరూరా తిరగకుండా ఒకే నాటకశాలలో స్థిరపడి, ఏడాది పొడవునా ప్రదర్శనలు ఇవ్వవచ్చన్నది అక్కడ ఆయనకు తెలిసింది. కష్టకాలంలోనూ వెనుకాడక 750 డాలర్లు వెచ్చించి, ఫ్రెంచి ఐంద్రజాలికుడు బువాటియే ద కోల్టా వద్ద మాయమయ్యే పక్షిపంజరాన్ని కొనుగోలు చేశారు. చేతివేళ్ల చాకచక్యంలో తనను మించినవారు ఉన్నారని కెల్లర్‌కు తెలుసు. ఆయన బలమంతా యంత్రాల మీద, ఎడతెగని సాధన మీద ఆధారపడింది. సరిగా పనిచేయని ఒక పెట్టెను గొడ్డలితో ముక్కలు చేశారన్న కథ ఆయన గురించి ప్రచారంలో ఉంది.

కలకత్తాలో కలిగిన విస్మయం

ఆ తరువాత కెల్లర్ ఆస్ట్రేలియా, చైనా, భారతదేశం వంటి దేశాలు చుట్టారు. మనిషి గాలిలో తేలడం అనే విద్యకు భారతదేశంలో అప్పటికే పేరుంది. 1830 ప్రాంతంలో మద్రాసులో శేషల్ అనే వృద్ధ బ్రాహ్మణుడు నేలను తాకకుండా గాలిలో కూర్చుని చూపేవారని ఆనాటి ఆంగ్ల పత్రికలు రాశాయి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు రాజధానిలోనివే. శేషల్ ఒక చేతిని నిలువు కర్రపై చర్మం చుట్టిన ఊతమీద ఆనించేవారు. ఆ కర్రలోంచి దుస్తుల్లోకి సాగిన ఇనుప కడ్డీయే ఆయనను మోసేదని తరువాతి ఐంద్రజాలికులు వివరించారు. 1847లో పారిస్‌లో రాబర్ట్ హూడిన్ తన కుమారుడిని ఇదే తీరున ఒక కర్ర మీద అడ్డంగా నిలిపి చూపారు. అయితే ఈ రెండింటిలోనూ ఒక కర్ర కంటికి కనిపిస్తూనే ఉండేది. అదీ లేకుండా చేయడమే అసలు సమస్య.

1882 జనవరిలో కెల్లర్ కలకత్తాలో ఉన్నారు. ఆత్మలతో సంభాషిస్తానని చెప్పుకునే విలియం ఎగ్లింటన్ అనే ఆంగ్లేయుడు అప్పుడు ఆ నగరంలోనే ఉన్నారు. ఆయన గుట్టు తేలుస్తానన్న ఉద్దేశంతో కెల్లర్ చీకటి గదిలో జరిగిన సమావేశానికి వెళ్లారు. ఎగ్లింటన్ చేయి పట్టుకుని కూర్చోగా, ఆయన దేహం పైకి లేచి తన చేతిని కూడా పైకి లాగినట్లు కెల్లర్‌కు అనిపించింది. ఎలా జరిగిందో తాను చెప్పలేకపోతున్నానని అక్కడి 'ఇండియన్ డైలీ న్యూస్' పత్రికకు ఆయన నిజాయితీగా లేఖ రాశారు. వృత్తి ఐంద్రజాలికుడే ఓటమి ఒప్పుకోవడం ఆత్మవాదులకు పండగైంది.

అయితే కెల్లర్ అక్కడితో ఆగలేదు. ఆలోచించి, పరీక్షించి, అటువంటి వింతలన్నీ ఐంద్రజాలికుడు చేసి చూపగలిగినవేనన్న నిర్ణయానికి వచ్చారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆత్మవాదంపై విచారణకు నియమించిన సైబర్ట్ సంఘం ఎదుట, పలకల మీద ఆత్మలు రాసినట్లు కనిపించే రాతలను ఆయన స్వయంగా సృష్టించి చూపారు. ఆ సంఘం నివేదిక 1887లో వెలువడింది.

గాలిలో తేలే మనిషి మాత్రం ఆయన మనసును విడువలేదు. 1893లో 'నార్త్ అమెరికన్ రివ్యూ' పత్రికకు రాసిన వ్యాసంలో, కలకత్తా మైదానంలో ఒక వృద్ధ ఫకీరు మూడు కత్తులను మొనలు పైకి ఉండేలా నాటి, వాటిపై మరొకరిని పడుకోబెట్టి, తరువాత ఆ కత్తులను తొలగించినా మనిషి గాలిలోనే నిలిచాడని వర్ణించారు. ఆత్మల మోసాన్ని బయటపెట్టిన ఐంద్రజాలికుడే ఇలా రాయడం వింతగా తోస్తుంది. ఆ దృశ్యాన్ని తన రంగస్థలం మీద చూపాలన్న కోరిక మాత్రం ఆ రాతలో దాగలేదు.

లండన్‌లో దొరికిన జవాబు

అప్పటికి కెల్లర్ స్వదేశంలో స్థిరపడ్డారు. 1884 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో నాటకశాల తెరిచి, దానికి లండన్ భవనం పేరునే పెట్టుకున్నారు. 1887లో ఆస్ట్రేలియాకు చెందిన కార్నెట్ వాద్యకారిణి ఈవా మెడ్లీని వివాహమాడారు. ఆమె ఆయన ప్రదర్శనల్లో భాగస్వామి అయ్యారు. ప్రత్యర్థి అలెగ్జాండర్ హెర్మన్ 1896లో మరణించడంతో అమెరికాలో కెల్లర్‌కు సాటి వచ్చేవారు లేకపోయారు.

1901లో మాస్కెలిన్ లండన్‌లో ఒక కొత్త అద్భుతాన్ని చూపారు. ఫకీరు కథ చుట్టూ అల్లిన ఆ నాటికలో మనిషి ఏ ఆధారమూ లేకుండా రంగస్థలం మధ్య గాలిలోకి లేచేవాడు. వార్త తెలిసిన కెల్లర్ లండన్ వెళ్లి మళ్లీ మళ్లీ చూశారు. గుట్టు అందలేదు. చివరకు ప్రదర్శన సాగుతుండగానే తన ఆసనం నుంచి లేచి, నేరుగా రంగస్థలం ఎక్కి, తలెత్తి పైకి ఒక్కసారి చూసి వెనుదిరిగారని ఇంద్రజాల చరిత్రకారులు చెబుతారు. ఆ చూపుతో తృప్తి పడక, మాస్కెలిన్ వద్ద పనిచేస్తున్న పాల్ వాలడాన్ అనే ఐంద్రజాలికుడిని 1904లో తన బృందంలోకి రప్పించుకున్నారు. ఆయన వెంట మాస్కెలిన్ రహస్యమూ సముద్రం దాటింది.

ఆ ఏడాదే 'కర్నాక్ రాకుమారి' గోడపత్రికలు వెలువడ్డాయి. పేరు ఈజిప్టుది. ప్రచారంలో హిమాలయాల ప్రస్తావన. తయారీ మాత్రం లండన్ ఆలోచనకు అమెరికా పనితనం తోడైనది.

బరువును పంచుకునే తీగలు

దాని సూత్రం చాలా కాలంగా పుస్తకాల్లో ఉన్నదే. చిన్న బంతినో ఉంగరాన్నో తేల్చాలంటే వెంట్రుకంత సన్నని పట్టుదారం ఒకటి సరిపోతుంది. మనిషి బరువును అది మోయలేదు. మోయగలిగినంత లావు తీగ వాడితే కంటికి కనిపిస్తుంది. ఈ చిక్కుకు మాస్కెలిన్ కనుగొన్న విరుగుడు, బరువును అనేక సన్నని తీగలకు పంచడం. యువతి దుస్తుల కింద దాగిన పలుచని చట్రం నుంచి ఆ తీగలు విసనకర్ర ఆకులా విచ్చుకుంటూ పైకి సాగుతాయి. రంగస్థలం పైభాగంలో తూనిక బరువులతో కూడిన యంత్రాన్ని కనిపించని సహాయకుడు నడుపుతాడు. వెలుగు తీగలపై పడి మెరవకుండా దీపాలను, వెనుక తెరను అమర్చుతారు. వలయం దాటే మాయకు కారణం చట్రానికి అమర్చిన వంపు తిరిగిన కడ్డీ.

తీగల్లో ఒక్కటి మెలిపడినా, దీపం కొద్దిగా పక్కకు జరిగినా మాయ అక్కడే తేలిపోతుంది. పైగా తీగలకు వేలాడేది నిజమైన మనిషి. అందుకే కెల్లర్ సాధన విషయంలో ఎవరినీ ఉపేక్షించేవారు కారు. ఆత్మల వల్లనో మహిమల వల్లనో జరిగితే ఇంత శ్రమ అక్కరలేదు. ఎగ్లింటన్ చీకటి గదిలో చూపినదాన్ని కెల్లర్ దీపాల వెలుగులో వందలాది మంది ఎదుట చూపారు.

వారసుడి చేతికి

రహస్యాన్ని తెచ్చిన వాలడాన్ వారసత్వమూ తనదేనని ఆశించారు. కానీ కెల్లర్ ఎంపిక హోవర్డ్ థర్‌స్టన్ వైపు మొగ్గింది. 1908 మే 16న బాల్టిమోర్‌లోని ఫోర్డ్ నాటకశాలలో కెల్లర్ తన చివరి ప్రదర్శన ఇచ్చి, థర్‌స్టన్ భుజాలపై వారసత్వ చిహ్నంగా అంగీ కప్పారు. కర్నాక్ రాకుమారి కూడా థర్‌స్టన్ పరమైంది.

అనంతరం కెల్లర్ లాస్‌ఏంజెలిస్‌లో స్థిరపడ్డారు. 1910లో ఈవా కన్నుమూశారు. థర్‌స్టన్ ప్రేక్షకులను రంగస్థలం మీదికి పిలిచి, తేలుతున్న రాకుమారిని దగ్గర నుంచి చూపడం మొదలుపెట్టారని తెలిసి కెల్లర్ తీవ్రంగా నొచ్చుకున్నారని చెబుతారు. దగ్గరకు వచ్చినవారికి తీగలు కనిపించే అవకాశం ఉంది. ఒకప్పుడు పిలవకుండానే మాస్కెలిన్ రంగస్థలం ఎక్కి తలెత్తి చూసిన వ్యక్తికి, ఆ చూపు ఎంత పదునైనదో ఇతరులకన్నా బాగా తెలుసు.

1917 నవంబరు 11న న్యూయార్క్ హిప్పోడ్రోమ్‌లో కెల్లర్ చివరిసారి రంగస్థలం ఎక్కారు. అంతకుముందు నెలలో జర్మన్ జలాంతర్గామి ముంచిన 'యాంటిలీస్' రవాణా నౌకలో మృతి చెందినవారి కుటుంబాల సహాయార్థం హ్యారీ హూడిని ఆ కార్యక్రమం ఏర్పాటు చేశారు. ప్రదర్శన ముగించి వెళ్లబోతున్న 68 ఏళ్ల కెల్లర్‌ను హూడిని ఆపారు. పల్లకీ వంటి కుర్చీలో కూర్చోబెట్టి, వాద్యబృందం వీడ్కోలు గీతం వాయిస్తుండగా సాటి ఐంద్రజాలికులు ఆయనను భుజాలపై మోసుకుని వెళ్లారు. ప్రేక్షకులు లేచి నిలబడ్డారు.

1922 మార్చిలో ఇన్‌ఫ్లుయెంజా సోకి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో కెల్లర్ మరణించారు. లాస్‌ఏంజెలిస్ రోజ్‌డేల్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఇతరుల రహస్యాన్ని దక్కించుకున్న తీరు కెల్లర్ జీవితంలో మచ్చగానే మిగిలింది. తనకు అర్థం కానిదాన్ని మహిమగా వదిలేయక, అది పనిచేసే తీరు తెలిసేవరకు వెంటాడిన పట్టుదల మాత్రం కలకత్తా చీకటి గది నుంచి కర్నాక్ రాకుమారి వరకు ఆయనను నడిపించింది. గాలిలో తేలిన ఆ యువతిని నిలబెట్టింది మంత్రం కాదు, బరువును తలా కొంత పంచుకున్న సన్నని తీగలు.