కార్ల్ జోప్రిట్జ్

కార్ల్ జోప్రిట్జ్ (1881 అక్టోబరు 22 - 1908 జూలై 20) జర్మనీకి చెందిన భూభౌతిక శాస్త్రవేత్త. భూమి లోపలి పొరలను తాకిన తరంగాల బలం ఎలా మారుతుందో తెలిపే సమీకరణాలకు ఈయన పేరు నిలిచింది. భూగర్భంలోని శిలలను, వాటిలోని చమురు, వాయువు, నీటిని గుర్తించడానికి ఇవి తోడ్పడతాయి.

జీవిత విశేషాలు

జోప్రిట్జ్ వుర్టెంబర్గ్ రాజ్యంలోని మెర్గెల్‌స్టెటెన్‌లో జన్మించాడు. భూగర్భశాస్త్రంలో డాక్టరేట్ పొందిన తరువాత, 1906లో గోటింగెన్ చేరి ప్రసిద్ధ భూకంప శాస్త్రవేత్త ఎమిల్ వీకర్ట్ వద్ద సహాయకుడయ్యాడు. 1905 నాటి కాంగ్రా, కలాబ్రియా భూకంపాలు, 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం నమోదైన పత్రాల ఆధారంగా తరంగాల ప్రయాణ కాలాలను లెక్కగట్టి 1907లో ప్రచురించాడు. మరుసటి ఏడాదే, 26 ఏళ్ళ వయసులో, గోటింగెన్‌లో మరణించాడు. మిగిలిన పరిశోధనలో కొంత భాగాన్ని లుడ్విగ్ గైగర్, బెనో గుటెన్‌బర్గ్ పూర్తిచేశారు. ఆయన సమీకరణాలు 1919లో, అంటే మరణించిన 11 సంవత్సరాలకు, వెలువడ్డాయి.

సమీకరణాలు

రెండు శిలల సరిహద్దును ఏటవాలుగా తాకిన తరంగం నాలుగుగా చీలుతుంది. ప్రాథమిక, ద్వితీయ తరంగాలు ఒక్కొక్కటి పరావర్తనం, వక్రీభవనం చెందుతాయి. వాటి కంపన పరిమితులు రెండు శిలల సాంద్రతపైన, తరంగ వేగాలపైన, పతన కోణంపైన ఆధారపడతాయి. స్కాట్లండ్‌కు చెందిన కార్గిల్ నాట్ 1899లోనే ఇటువంటి సమీకరణాలను రూపొందించినా, జోప్రిట్జ్ పేరే వాడుకలో స్థిరపడింది.

ఉపయోగం

ఇసుకరాతి రంధ్రాలలో నీటికి బదులు వాయువు ఉంటే ప్రాథమిక తరంగ వేగం బాగా తగ్గుతుంది. ద్వితీయ తరంగ వేగం అంతగా మారదు. అందువలన కోణంతో పాటు ప్రతిధ్వని బలం మారే తీరు వాయువు జాడ తెలుపుతుంది. ఈ పద్ధతి 1984లో విలియం ఆస్ట్రాండర్ వ్యాసంతో చమురు అన్వేషణలో ప్రాచుర్యం పొందింది. అయితే నమోదైన బలం పేలుడు శక్తిని, దూరాన్ని, మధ్యలోని పొరలను బట్టి కూడా మారుతుంది. కాబట్టి దానిని బావిలో స్వయంగా కొలిచిన వేగ, సాంద్రతలతో సరిపోల్చి సవరించాలి. స్వల్ప వాయువు కూడా బలమైన సంకేతమివ్వగలదు గనుక, సంకేతాన్ని మాత్రమే నమ్మి తవ్వితే కోట్ల రూపాయలు వృథా కావచ్చు.

తెలుగునాట

సహజవాయువుకు పేరొందిన కృష్ణా-గోదావరి బేసిన్‌లో, 2006లో జరిపిన లోతు సముద్ర తవ్వకాలలో గ్యాస్ హైడ్రేట్లు బయటపడ్డాయి. 1961లో హైదరాబాదులో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇటువంటి నిక్షేపాల అధ్యయనంలో కంపన పరిమితి విశ్లేషణను ఉపయోగించారు. ఆ లెక్కలకు మూలం జోప్రిట్జ్ సమీకరణాలే.