వేడి లెక్క తేల్చిన ఫోరియర్

మధ్యాహ్నం మన రేకుల గది కాగిపోతది. మా ఊళ్లో గడ్డికప్పు ఇల్లు మాత్రం చల్లగుంటది. ఎందుకని అడిగితే సారు ఫోరియర్ గురించి చెప్పారు.

జోసెఫ్ ఫోరియర్ 1768లో ఫ్రాన్సులోని ఓసేర్ పట్నంలో దర్జీ ఇంట పుట్టారు. పదేళ్లకే అమ్మానాన్నలు పోయారు. సన్యాసులు నడిపే బడిలో ఉండి, కొవ్వొత్తి ముక్కలు ఏరుకొని రాత్రులు లెక్కలు చేసేవారట.

వస్తువుల్లో వేడి ఎట్లా పాకుతుందో 1807లో రాసి పారిస్ పండితులకు ఇచ్చారు. లగ్రాంజ్ అనే పెద్దాయన ఒప్పుకోలేదు. 1812లో బహుమతి ఇచ్చారు గానీ తప్పులూ పట్టారు. ఆయన వదల్లేదు. 1822లో పుస్తకంగా తెచ్చారు. 1830లో కన్నుమూశారు.

కప్పు పల్చనైతే వేడి గబగబా దిగుతుంది, మందమైతే నెమ్మదిగా. ఇనుములో సులువుగా పోతుంది, గడ్డిలో పోలేదు. ఇళ్లు కట్టే ఇంజనీర్లు నేటికీ ఆయన సూత్రంతోనే లెక్క వేస్తారు.

సారు ఇంటూ కొడితే నేను కాగితం చింపేసేవాణ్ణి. ఇక చింపను. మళ్లీ చేస్తాను.