డాక్టరు కానూరి లక్ష్మణరావు

1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట కృష్ణా డెల్టాను పచ్చని మాగాణిగా మార్చెను. కాని ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టరైతులు మాత్రము ఆకాశమువంక చూచుచునే యుండిరి. నది చెంతనే పారుచున్నను పల్లపు నీరు మిట్ట కెక్కదు గదా! ఆ నీటిని ఎగువనే నిలిపి కాలువల కందించిన నాగార్జునసాగర నిర్మాణమున ముఖ్యపాత్ర వహించిన ఇంజనీరు లక్ష్మణరావుగారు.

ఆయన 1902లో కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. పాఠశాలలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయెను. అయినను మదరాసులో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లండునందలి బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి.

ఆనకట్ట బలము పైకి కనబడు గోడలో కంటె పునాదిరాతిలో నెక్కువగా నుండును. నూరు మీటర్ల లోతు నీరు అడుగున ప్రతి చదరపు మీటరుపై సుమారు 100 టన్నుల బరువు మోపును. రాతిలో నెఱ్ఱెలున్నచో నీరు వానిలో దూరి గోడను క్రిందినుండి పైకెత్తజూచును. అందుచేత ఇంజనీర్లు రాతిని లోతుగా తొలిచి, లోపలి ముక్కలను వెలికిదీసి పరీక్షింతురు. మెత్తబడిన రాతిని త్రవ్వివేసి, నెఱ్ఱెలలోనికి సిమెంటుపాలను ఒత్తిడితో నెక్కింతురు. జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాయి ఉలికి చక్కగా లొంగును. అచటి ప్రాచీన బౌద్ధస్తూపమునకు దానినే వాడిరి. అయితే దానిని నీరు మెల్లమెల్లగా కరగించును. నందికొండ యొద్ద నదిగర్భమున దృఢమైన గ్రానైటుజాతి రాయి యుండుట అదృష్టమే.

ముక్త్యాల రాజావారు ఈ ప్రాజెక్టుకై ఎంతయో పాటుపడిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. సిమెంటునకును విదేశద్రవ్యమునకును కరవైన కాలమది. చేతులకు మాత్రము కొరత లేదు. కాంక్రీటుకన్న రాతికట్టడమే మేలని వాదించినవారిలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. యంత్రయుగమున చేతిపనియా యని శంకించుట సహజమే. కాని వేలకొలది కూలీలు రాయిపై రాయి పేర్చి సుమారు 124 మీటర్ల ఎత్తున ఆ కట్టడమును నిలబెట్టిరి. ప్రపంచమున అంతటి రాతి ఆనకట్టలు అరుదు.

1963లో ఆయనకు పద్మభూషణ బిరుదము లభించెను. విజయవాడనుండి మూడుమార్లు లోకసభకు ఎన్నికై, కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రిగా పనిచేసిరి. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీరు కాలక్రమమున నందిగామ, జగ్గయ్యపేట మెట్టలకు చేరెను. కాలువ చివరి పొలములకు నీరు చాలని యేండ్లును లేకపోలేదు. లక్ష్మణరావుగారు 1986లో కీర్తిశేషులైరి. జగ్గయ్యపేటకు చేరువనే కృష్ణపై నిర్మించిన పులిచింతల జలాశయమునకు పిమ్మట ఆయన పేరు పెట్టిరి.