కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూసిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు. రొమ్ముపై ఏనుగును నిలిపిన వీరుడిగా ఆయన పేరు ఉత్తరాంధ్రలోను, సరిహద్దుకు ఆవల ఉన్న తెలుగు ఇళ్లలోను నేటికీ వినిపిస్తుంది. అయితే ఆ బలం దైవదత్తమైన వింత కాదనీ, ఏళ్ల తరబడి సాగిన క్రమశిక్షణకు ఫలమనీ తలచుకునేవారు తక్కువ.

1880ల ఆరంభంలో జన్మించిన రామమూర్తి పసితనంలోనే తల్లిని కోల్పోయారు. తండ్రి వెంకన్న నాయుడు ఆయనను విజయనగరంలో పోలీసు ఉద్యోగిగా ఉన్న పినతండ్రి నారాయణస్వామి నాయుడు వద్దకు పంపారు. అక్కడ పుస్తకాలకన్నా తాలింఖానా ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. దండీలు, బస్కీలు, కుస్తీ నిత్యకృత్యాలయ్యాయి. అన్న కొడుకు ఆసక్తిని అణచివేయకుండా సరైన దారిలో పెట్టినట్లుగా, పినతండ్రి ఆ బాలుణ్ణి మద్రాసు సమీపంలోని సైదాపేటకు వ్యాయామ శిక్షణకై పంపారు. ఏడాది శిక్షణ ముగించుకొని తిరిగి వచ్చిన రామమూర్తి విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యారు. లోకం ఎరిగిన కలియుగ భీముడు మొదట ఒక బడిపంతులు.

తరువాత సర్కస్ కంపెనీ స్థాపించి దేశమంతటా పర్యటించారు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవారు. చేతులకు కట్టిన తాళ్లతో కార్లను కదలనిచ్చేవారు కారు. 1905 నుంచి 1910 వరకు వైస్రాయిగా ఉన్న మింటో ప్రభువు ఎదుట విశాఖపట్నంలో ఈ విద్య ప్రదర్శించారని చెబుతారు. పూనాలో బాలగంగాధర తిలక్ మన్నన పొంది మల్ల మార్తాండ బిరుదాన్ని, లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అన్న పేరును గడించారని ఆయన జీవితగాథలు చెబుతున్నాయి.

ఈ ప్రదర్శనలలో మంత్రతంత్రాలేవీ లేవు. ఉన్నది దేహధర్మం, యంత్రధర్మం. ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు పక్కటెముకల గూడు గాలి నింపిన బంతివలె గట్టిపడుతుంది. దానిపై వెడల్పాటి చెక్క పలక పరిస్తే బరువు ఒకచోట గుచ్చుకోక ఎక్కువ మేరకు పంచుకుంటుంది. అదే బరువు ఒక చిన్న అంచుపై పడితే ఎముక విరుగుతుంది. గొలుసు విషయంలో ఛాతీ, వీపు కండరాలు ఒక్కసారిగా ఉబ్బి బిగువు పెంచగా, అన్నిటికన్నా బలహీనమైన లంకె ముందుగా తెగుతుంది. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు సమానంగా లాగినప్పుడు ఆ లాగుళ్లు ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయి. భారమంతా భుజాల కీళ్లపైన, పట్టుపైన పడుతుంది. కారు వేగం పుంజుకోకముందే దానిని పట్టి ఉంచడంలోనే ఉంది కిటుకు. కిటుకు తెలిసినంత మాత్రాన ఆ పని ఎవరికీ సాధ్యం కాదు. ఎముకలు, కండరాలు, స్నాయువులు ఏళ్లపాటు కొద్దికొద్దిగా పెరిగే భారానికి అలవాటుపడి ఉండాలి. రామమూర్తి ప్రాణాయామాన్ని శ్రద్ధగా సాధన చేశారు, శాకాహారిగానే జీవించారు.

ఆయన కథ విని ఉత్సాహపడే యువకులు ఈ భేదాన్ని గ్రహించాలి. బరువు ఎత్తే సమయంలో ఊపిరి గట్టిగా బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి అది ప్రమాదం. బియ్యం బస్తా అయినా, వ్యాయామశాలలోని ఇనుప పళ్లాలైనా నియమం ఒక్కటే. బరువును ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. వీపు గూని పోకుండా తుంటి, మోకాళ్ల వద్ద వంగి, కాళ్ల బలంతో లేవాలి. బరువు చేతిలో ఉండగా నడుము మెలితిప్పరాదు. శరీరానికి ఎంత దూరంగా పట్టుకుంటే నడుముపై భారం అంత హెచ్చుతుంది.

చివరి దశలో రామమూర్తి కాలికి పుండు లేచి, కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్సకు మత్తుమందు నిరాకరించి ప్రాణాయామంతోనే బాధను ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆర్జించిన ధనంలో అధికభాగం దానధర్మాలకు ఖర్చయిందని అంటారు. ఒడిశాలోని పట్నా సంస్థానపు రాజధాని బలంగీర్‌లో ఆశ్రయం పొందిన ఆయన 1942 జనవరిలో, సంక్రాంతి దినాలలో తనువు చాలించారు.

శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడామైదానం ఉంది. విశాఖ సాగరతీరంలో విగ్రహం నిలిచింది. ఏనుగును మోసిన రొమ్మును తలచుకునే ప్రతివారూ, సైదాపేటలో ఏడాదిపాటు విద్యార్థిగా కూర్చున్న ఆ యువకుణ్ణి కూడా తలచుకోవాలి. బలాన్ని కూడా చదువువలె గురువు వద్ద, ఒక్కొక్క మెట్టుగా నేర్వవలసిందే. ఆయన అనుకరించదగినది ఏనుగు ఆట కాదు, ఆ ఓర్పు.