మథియాస్ జ్డార్‌స్కీ

మంచు యెరుగని సీమలో నివసించు మనకు స్కీలు క్రొత్త వస్తువులుగా దోచవచ్చును. అవి పాదములకు బిగించుకొని మంచుపై జారుటకు వాడు సన్నని పొడవైన పలకలు. వానితో కొండవాలున జారుట సులభము. కోరినచోట తిరుగుటయు నిలుచుటయు కష్టము. ఈ కష్టమును తొలగించిన గురువు చరిత్రమును మన విద్యార్థుల కెరిగింపగోరుచున్నాము.

మథియాస్ జ్డార్‌స్కీ 1856వ సంవత్సరమున మొరావియాలో జన్మించెను. బాల్యముననే ఆయన కొక కన్ను పోయెను. అయినను నిరుత్సాహపడక ఉపాధ్యాయుడై, చిత్రలేఖనమును శిల్పమును గూడ నభ్యసించెను. పిమ్మట ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డు గ్రామసమీపమున స్థిరపడెను. 1888లో నాన్సెన్ స్కీలపై గ్రీన్లాండును దాటిన వృత్తాంతమును చదివి, ఆయన నార్వేనుండి స్కీలను దెప్పించుకొనెను. నేర్పువారెవ్వరును లేరు. నార్వే పద్ధతి ఆల్ప్సు పర్వతముల నిటారు వాలులకు చాలలేదు. కావున ఒంటరిగా పెక్కు శీతకాలములు సాధనచేసి, స్కీలను పొట్టివిగా జేసి, మడమ ప్రక్కలకు కదలకుండ ఉక్కు బంధమును కల్పించి, తన పద్ధతిని 1896లో గ్రంథముగా ప్రకటించెను.

ఆ పద్ధతిలోని మర్మమిది. జారువాడు ఒక స్కీ వెనుకకొనను వెలుపలికి త్రోసి, శరీరభారమును క్రమముగా దానిపై మోపును. ఆ స్కీ అంచు మంచును గోసికొని ఆనును. మంచు దానిని ఎదురుగా నెట్టును. ఆ నెట్టుటచేతనే మనుష్యుని త్రోవ వంగును. సైకిలు తొక్కువాడు మలుపులో లోనివైపున కొరగుట మనము నిత్యము చూచుచున్నాము గదా! ఇక్కడను అంతే. వేగము హెచ్చినకొలదియు, మలుపు బిగిసినకొలదియు, ఒరుగుట హెచ్చవలెను. మోకాళ్లు వంచి యుంచినచో శరీరము నేల యెత్తుపల్లములను సహించును. నేటి పందెములలో స్కీల నిలుపు తీరు మారినను, వెలుపలి స్కీపై బరువు నిలుపుట, అంచును ఆనించుట మారలేదు.

1905 మార్చి 19వ తేదీన ముకెన్‌కోగెల్ కొండపై ఆయన 85 ద్వారములుగల పందెమును జరిపించెను. ఉత్త వేగము గాక మలుపుల నేర్పే అందు పరీక్షింపబడెను. ఆయన శిష్యుడగు లెర్క్ అను సైనికాధికారి 1911లో ఈ విద్యను జపానీయులకు నేర్పెను.

1916లో, మొదటి ప్రపంచయుద్ధకాలమున, హిమపాతములో చిక్కినవారిని రక్షింపబోయి, జ్డార్‌స్కీ తానే మరియొక హిమపాతమున బడెను. ఎముకలు విరిగినవియు కీళ్లు తొలగినవియు కలసి ఎనుబది గాయములయ్యెను. అప్పుడాయన వయస్సు అరువది సంవత్సరములు. ఇంక నడువజాలడని తలచిన శరీరమును, పరుల కవయవముల నడిపించు తీరు నేర్పిన ఆ గురువు, తానే కల్పించుకొనిన వ్యాయామములతో మెల్లమెల్లగా చక్కబరచుకొని, మరల స్కీలపై నిలిచెను. ఆ పిమ్మట తన్ను గూల్చిన హిమపాతములనుగూర్చియే పరిశోధించి గ్రంథము వ్రాసెను. 1940లో పరమపదించెను.

బాలురారా! పడుట యెవ్వరికిని తప్పదు. పడిన కారణమును విచారించి తెలిసికొనినవాడే మరల లేచును. ఈ సంగతిని జ్డార్‌స్కీ చరిత్రమువలన మనము గ్రహింతుము గాక.