రేచెల్ కార్సన్

సముద్రమును మన పెద్దలు రత్నాకరమనిరి. అందలి రత్నముల నాశించినవారు పెక్కుమంది కలరు. అందలి ప్రాణుల జీవితమును తెలిసికొని, దానిని సామాన్యజనులకు తెలియజెప్పినవారు అరుదు. అట్టివారిలో రేచెల్ కార్సన్ అగ్రగణ్యురాలు.

ఈమె 1907వ సంవత్సరము మే 27వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున స్ప్రింగ్‌డేల్ అను చిన్న యూరిలో జన్మించెను. వారిది కలిమి గల కుటుంబము కాదు. తల్లి మరియా ఆమెను వెంటబెట్టుకొని తోటలలోను, అడవులలోను తిరుగుచు, పక్షులను, పురుగులను చూపి వాని విశేషములు చెప్పుచుండెడిది. పదునొకండు సంవత్సరముల ప్రాయముననే రేచెల్ వ్రాసిన కథ యొకటి బాలల పత్రికలో అచ్చయ్యెను. ఆమె రచయిత్రి కావలెనని కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యము చదువ నారంభించి, పిమ్మట జీవశాస్త్రమునకు మారెను. ఇంతగా సముద్రమును ప్రేమించిన ఈమె దానిని మొదటిసారి చూచినది 1929లో, వుడ్స్ హోల్ పరిశోధనాలయమునకు వెళ్ళినప్పుడే!

1932లో ఆమె జంతుశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందెను. 1935లో తండ్రి మరణించుటచే కుటుంబభారము ఆమెపై బడెను. అప్పుడు ప్రభుత్వ మత్స్యశాఖవారు జలచరములను గూర్చి రేడియోలో 52 చిన్న ప్రసంగములను ఏర్పాటుచేసి, వానిని వ్రాయు పనిని ఆమెకు ఒప్పగించిరి. శాస్త్రవిషయమును కథవలె చెప్పు నేర్పు ఆమెకు సహజముగ నుండెను. 1936లో ఆ శాఖలోనే ఉద్యోగము లభించెను. మరుసటి యేట అక్క మరణింపగా, ఆమె కుమార్తెల నిరువురను పెంచు బాధ్యత కూడ రేచెల్ కుటుంబముపై బడెను. పగలు కచేరీ పని, రాత్రులందు గ్రంథరచన. 1941లో వెలువడిన మొదటి గ్రంథము యుద్ధపు సందడిలో అమ్ముడుపోలేదు. అయినను ఆమె నిరాశ చెందలేదు. 1951లో ప్రకటించిన ‘ది సీ అరౌండ్ అజ్’ అను గ్రంథమును లక్షలాది జనులు చదివిరి.

1958లో స్నేహితురాలి యొద్దనుండి ఒక జాబు వచ్చెను. దోమలను చంపుటకై విమానము నుండి డి.డి.టి. చల్లగా, తమ యింటి చుట్టునున్న పక్షులు చచ్చిపడినవని అందలి సారాంశము. రేచెల్ ఈ విషయమును నాలుగేండ్లు శోధించెను. నీటిలో కలిసిన విషము మొదట నలుసులవంటి జీవులలో చేరును. వానిని తిను చేపలలోను, చేపలను తిను పక్షులలోను అంతకంతకు హెచ్చుగా కూడును. తిమింగిలముల క్రొవ్వులో సైతము అది చేరినట్లు పిమ్మట శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

1962లో ఆమె ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథమున ఈ సంగతులన్నియు వెల్లడించెను. మందుల వ్యాపారులు ఆగ్రహించి, ఆమెకు శాస్త్రజ్ఞానము లేదని నిందించిరి. మందులన్నింటిని మానవలెనని ఆమె చెప్పలేదు. తెలిసి, మితముగ వాడవలెననియే ఆమె వాదము. అప్పటికే ఆమె కేన్సరు వ్యాధిచే బాధపడుచుండెను. వ్యాధి సంగతి పైకి పొక్కనీయక, 1963 జూనులో అమెరికా సెనేటు సంఘము నెదుట సాక్ష్యము చెప్పెను. అంతకు ముందు నెలలోనే అధ్యక్షుడు కెనెడీ నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము ఆమె చెప్పినదానిని చాలవరకు సమర్థించెను.

1964 ఏప్రిల్ 14వ తేదీన, 56వ యేట ఆమె కన్నుమూసెను. 1972లో అమెరికా ప్రభుత్వము పైరులపై డి.డి.టి. చల్లుటను నిషేధించెను. తిమింగిలములు మొదలగు సముద్రపు క్షీరదములను రక్షించు చట్టము కూడ ఆ యేటనే వెలువడెను. ఈ కార్యములు ఆమె యొక్కతె వలననే జరిగినవి కావు. ఎందరో కృషి చేసిరి. కాని తెలియనిదానిని ఎవరును కాపాడజాలరు. ప్రజలకు తెలియజెప్పుటయే ఆమె చేసిన మహోపకారము.