జీతం లేకుండానే నిజాం రాజ్య పక్షుల చిట్టా

శంషాబాద్: శీతాకాలం వచ్చిందంటే తెల్లవారకముందే హిమాయత్‌సాగర్ గట్టుపై కెమెరాలతో యువకులు దర్శనమిస్తారు. వలస బాతులను, గడ్డిపరకలపై వాలే తూనీగలను చిత్రించుకుని ఎండ ముదిరేలోగా తిరుగుముఖం పడతారు. తొమ్మిది దశాబ్దాల క్రితం హైదరాబాద్ సంస్థానంలోని పక్షులను క్రమపద్ధతిలో పరిశీలించి గ్రంథస్థం చేసిన వ్యక్తి చేతిలో మాత్రం కెమెరా కాదు, తుపాకీ ఉండేది. ఆయనే డాక్టర్ సలీం అలీ.

1896 నవంబరు 12న ముంబయిలో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో గాలి తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ కనిపించింది. అదేమిటో తెలుసుకునేందుకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. కార్యదర్శి మిలార్డ్ ఆ పక్షి పేరు చెప్పి, సొసైటీ భద్రపరచిన నమూనాలన్నీ చూపించారు. ఆ గడపతో అనుబంధం జీవితాంతం సాగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంతో జువాలజికల్ సర్వేలో కొలువు దక్కలేదు. బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి, మ్యూజియంలో చేస్తున్న ఉద్యోగం కూడా నిధుల కొరతతో రద్దయింది. ముంబయి సమీపంలోని కిహిం గ్రామానికి మకాం మార్చి, ఖాళీగా ఉండలేక గిజిగాడి గూళ్లను గమనించసాగారు. మగపక్షి సగం గూడు అల్లి, ఆడపక్షి మెచ్చి చేరాక పూర్తి చేసి, వెంటనే మరో గూటికి, మరో జోడుకు సిద్ధపడుతుందని తేల్చారు. నిరుద్యోగం పక్షిశాస్త్రానికి ఇంత మేలు చేసిన సందర్భం మరొకటి ఉండకపోవచ్చు.

అప్పుడే సంస్థానాల పక్షుల సర్వే ఆలోచన రూపుదిద్దుకుంది. జీతం అక్కరలేదని, ఖర్చులు భరిస్తే చాలునని ఆయన ప్రతిపాదించగా ముందుగా అవకాశమిచ్చింది నిజాం ప్రభుత్వమే. 1931లో సర్వే ఆరంభమైంది. భార్య తెహ్మినా వెంట నడిచి విడిది ఏర్పాట్లు చూసుకున్నారు. నల్లమలలోని మన్ననూరు, ఫర్హాబాద్ వంటి చోట్ల మకాం వేశారు. దగ్గరి జాతులను వేరుచేయాలంటే పక్షిని చేతిలోకి తీసుకుని కొలవవలసిన కాలమది. కొట్టిన పక్షి చర్మంలో దూది కూరి, దొరికిన చోటు, తేదీ రాసిన చీటీ కాలికి కట్టేవారు. నేడు కెమెరా ఈ పనిలో చాలా భాగం ప్రాణం తీయకుండానే చేస్తోంది. సర్వే ఫలితాలు విజ్లర్ వ్యాఖ్యలతో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడ్డాయి. ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో ఆ నివేదికలో ఉన్నందునే ఈ ప్రాంతంలో ఏవి తగ్గాయో, ఏవి మాయమయ్యాయో నేడు పోల్చి చెప్పగలుగుతున్నారు.

హైదరాబాద్ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు తదితర సంస్థానాలు ఆయనను ఆహ్వానించాయి. 1939లో తెహ్మినా మరణం ఆయనను కుంగదీసినా పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన రాసిన పుస్తకం సామాన్యులకు సైతం పక్షులను గుర్తించడం నేర్పింది. బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా చేయాలని పట్టుబట్టారు కానీ 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. దేశంలో బట్టమేకలు నేడు రెండు వందలకు మించి లేవని నిపుణుల అంచనా. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో సొసైటీ పరిశోధకుల కృషితో మళ్లీ బయటపడిన నాటికి ఆయన సజీవులే.

శంషాబాద్ వాసులు తెలుసుకోవలసిన అధ్యాయం మరొకటుంది. 1980వ దశకంలో విమానాలను పక్షులు ఢీకొనే ప్రమాదాలపై సొసైటీ చేపట్టిన అధ్యయనంలో ఎనభై ఏళ్లు దాటిన సలీం అలీ ముఖ్య భాగస్వామి. రన్‌వే పరిసరాల్లో పారవేసే మాంసపు వ్యర్థాలు, చెత్తకుప్పలే గద్దలను, రాబందులను రప్పిస్తాయని, గడ్డిలోని పురుగుల కోసం తీతువులు దిగుతాయని పరిశీలనలో తేలింది. పక్షిని కాల్చడం కంటే దాని తిండి వనరును తొలగించడమే మేలన్న మార్గం దీనితో తేటపడింది.

1976లో పద్మవిభూషణ్ అందుకున్న సలీం అలీ 1987లో, 90 ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు. ఆ తర్వాత 21 ఏళ్లకు, 2008 మార్చిలో శంషాబాద్ నేలపై తొలి ప్రయాణికుల విమానాలు రాకపోకలు మొదలుపెట్టాయి. విమానాశ్రయాల చుట్టూ మాంసం దుకాణాలపై, చెత్త పారవేతపై నేడు అమలవుతున్న ఆంక్షల వెనుక ఉన్న కారణం ఆనాటి అధ్యయనం ఎత్తిచూపినదే.